లాభం మాట వినేముందు కొలబద్ద చేతబట్టండి

ముప్పయి రెండేళ్లు సబ్‌ట్రెజరీలో గుమస్తాగా పనిచేశాను. ట్రెజరీ బిల్లు అంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే: ఉద్యోగుల జీతాల బిల్లు, దానికొక టోకెన్ నంబరు. అదే పేరుతో కేంద్ర ప్రభుత్వం స్వల్పకాలిక అప్పు తీసుకుంటుందనీ, ఆ అప్పుపై లభించే దిగుబడి ఇతర పెట్టుబడులకు కొలబద్ద వంటిదనీ పదవీ విరమణ తరువాతగాని గ్రహించలేదు. గ్రహించవలసి రావడానికి కారణం మా వీధిలోని ఒక సోదరికి జరిగిన నష్టం.

భర్త మరణానంతరం ఆమె చేతికి నాలుగు లక్షల రూపాయలు వచ్చాయి. ఒక సంస్థ మనుషులు ఇంటికి వచ్చి, లక్షకు నెలకు మూడు వేల చొప్పున ‘హలాల్ లాభం’ ఇస్తామన్నారు. “భాయ్‌సాబ్, ఇది వడ్డీ కాదట, వ్యాపారంలో వాటా అట, పెట్టమంటారా?” అని ఆమె నన్ను అడిగింది. “మనవాళ్లే కదా చెల్లెమ్మా, నీ ఇష్టం” అన్నాను. అయిదు నెలలు డబ్బు అందింది. ఆరో నెలలో కార్యాలయానికి తాళం పడింది. ఆనాడు నాకు ఒక చిన్న లెక్క తెలిసి ఉంటే ఆమెను వారించి ఉండేవాణ్ణి. ఆ లెక్కనే పాఠకుల ముందుంచుతున్నాను.

కేంద్ర ప్రభుత్వం 91, 182, 364 రోజుల గడువుతో ట్రెజరీ బిల్లులు జారీ చేస్తుంది. సాధారణంగా ప్రతి బుధవారం రిజర్వు బ్యాంకు వాటిని వేలం వేస్తుంది. వీటిపై విడిగా వడ్డీ చెల్లింపు ఉండదు. నూరు రూపాయల బిల్లును తక్కువ ధరకు కొంటాం; గడువు తీరాక నూరు రూపాయలు అందుతాయి. ఉదాహరణకు, 91 రోజుల బిల్లు ధర 98.40 రూపాయలు అనుకుందాం. 98.40 పెడితే 1.60 మిగిలింది. దీన్ని ఏడాదికి లెక్కగడితే దిగుబడి సుమారు 6.5 శాతం. అనగా లక్ష రూపాయల బిల్లుపై నెలకు 530 రూపాయల చొప్పున.

రూపాయి అప్పుల్లో అతి తక్కువ ప్రమాదం గలది ప్రభుత్వ అప్పు. అటువంటి చోట లక్షకు 530 వస్తుంటే, మూడు వేలు ఇస్తామన్నవాడు ఎక్కడి నుండి తెస్తాడు? ఆ రెండింటి మధ్య గల తేడాయే మన అసలుకు పొంచి ఉన్న ప్రమాదం. నేను వేయవలసిన ప్రశ్న అదే. వేయలేదు.

ఈ దిగుబడి స్థిరంగా ఉండదు. 2013లో రూపాయి పతనాన్ని అరికట్టేందుకు రిజర్వు బ్యాంకు నగదు లభ్యతను బిగించినప్పుడు 91 రోజుల బిల్లు దిగుబడి 11 శాతం దాటింది. కరోనా కాలంలో 4 శాతం కంటే దిగువకు జారింది. కనుక కొలబద్దను ఎప్పటికప్పుడు చూసుకోవాలి. వేలం ఫలితాలను రిజర్వు బ్యాంకు బహిరంగంగానే ప్రకటిస్తుంది.

2021 నవంబరులో ప్రారంభమైన రిటైల్ డైరెక్ట్ పథకం ద్వారా సామాన్యుడు సైతం పది వేల రూపాయల బిల్లు నుండి నేరుగా కొనవచ్చు. గడువుకు ముందే అమ్ముకునే వీలూ ఉంది. అయితే దిగుబడి పెరిగితే బిల్లు ధర తగ్గుతుందని మరువరాదు. 46 రోజుల గడువు మిగిలిన బిల్లుపై దిగుబడి ఒక శాతం పెరిగితే నూరింటికి 13 పైసల వరకే నష్టం. పదేళ్ల బాండుపైనైతే అది ఏడు రూపాయల వరకు ఉండవచ్చు. చిన్న మొత్తాలకు కొనుగోలుదారులు వెంటనే దొరకకపోవచ్చు గనుక, రోజూ కొని అమ్మి లాభపడదామన్న ఆశ మనబోటి వారికి తగదు. గడువు దాకా ఉంచుకోవడమే మేలు.

“ఇదీ వడ్డీయే కదా?” అని అనేకులు అడుగుతారు. అలా భావించి దూరంగా ఉండేవారిని గౌరవిస్తాను. ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. కానీ దిగుబడిని తెలుసుకోవడం వడ్డీ తినడం కాదు. పైగా, నిజమైన భాగస్వామ్యంలో నష్టంలోనూ వాటా ఉంటుంది. వ్యాపారం ఎలా సాగినా నెలనెలా ఇంత అని ముందే ఖాయం చేసినవాడు వాటా ఇవ్వడం లేదు. వడ్డీకి మారుపేరు పెడుతున్నాడు. మన విశ్వాసాన్నే ఎరగా వేసేవారికి మన అజ్ఞానమే పెట్టుబడి.

ప్రభుత్వానికీ ఇందులో బాధ్యత ఉంది. బ్రిటన్ 2014లోనే 20 కోట్ల పౌండ్ల సుకూక్ జారీ చేసింది. మలేసియాలో స్వల్పకాలిక ఇస్లామీ ట్రెజరీ బిల్లులున్నాయి. మన దేశంలో రఘురామ్ రాజన్ కమిటీ 2008లో వడ్డీరహిత బ్యాంకింగ్‌ను సిఫారసు చేసినా, ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్లరాదని 2017 నాటికి రిజర్వు బ్యాంకు నిర్ణయించింది. వడ్డీ వద్దనుకునే పౌరునికి సురక్షితమైన చట్టబద్ధ మార్గం చూపకపోతే మోసగాళ్లే మార్గం చూపుతారు. ఈ మాటను మన ప్రజాప్రతినిధుల ముందు ఉంచాలి.

అంతవరకు ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి మహిళా సంఘం ఒక పని చేయవచ్చు. నోటీసు బోర్డుపై ఆ వారపు 91 రోజుల బిల్లు దిగుబడిని రాసిపెట్టండి. దానికి అయిదింతలు ఇస్తామని ఎవరైనా గుమ్మం తొక్కితే, మా వీధి సోదరి అడిగినట్లే మరో సోదరి మిమ్మల్ని అడుగుతుంది. అప్పుడు నాలాగా “నీ ఇష్టం” అనకండి.