కలువను తామర అనకండి

తిరుత్తణి కొండమీద ఇంద్రుడు సుబ్రహ్మణ్యస్వామిని నీలోత్పలాలతో పూజించాడని స్థలపురాణం. ఆ పువ్వే మన నల్లకలువ, తమిళంలో కరుంగువళై. ఇంగ్లీషులో 'బ్లూ లోటస్' అంటారని మనమూ 'నీలి తామర' అనేస్తున్నాం.

ఆకు చూడండి. కలువాకు ఒకవైపు చీలి, నీళ్లమీద తేలుతుంది. తామరాకు చీలిక లేకుండా గుండ్రంగా, కాడమీద పైకి లేస్తుంది. 1753లో లిన్నేయస్ అంతటివాడే రెండింటినీ నింఫియా అనే ఒకే ప్రజాతిలో కలిపేశాడు. 1763లో అడాన్‌సన్ తామరను నెలుంబో అని విడదీశాడు. ఇవి దగ్గరి చుట్టాలే కావని నేటి జన్యుశాస్త్రం కూడా అంటోంది. మన భాషలో మాత్రం మొదట్నుంచీ రెండు పేర్లే.

1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బళ్లో, ఆఫీసులో లేని తెలుగు ఇక్కడ మన ఇళ్ల మాటల్లోనే బతకాలి. ఒక పేరు పోతే, ఆ తేడా చూసే కన్నూ పోతుంది. ఈసారి చెరువుకాడ ఆకు చూసి పేరు చెబుదాం.