వినేవాళ్లం మనం, మాట్లాడేది ఎవరు?

సీతాఫల్‌మండిలో మన సంఘం గదికి వచ్చిన వాళ్లందరికీ ఆ రేడియో తెలుసు. గోడ అల్మరాలో, కరపత్రాల కట్టల పక్కన ఉంటుంది. నగరంలో ధర్నా ఉన్నప్పుడల్లా జిల్లాల నుంచి రైలెక్కి వచ్చే మనవాళ్లు రాత్రికి ఆ గదిలోనే పడుకుంటారు. ఒకప్పుడు తెల్లవారుతూనే ఎవరో ఒకరు లేచి ముందు దాని చెవి తిప్పేవాళ్లు. వార్తలు అయ్యాకే చాయ్.

మొన్న పత్తి సీజన్‌లో వచ్చిన రాత్రి మబ్బు పట్టింది. ఇంటి దగ్గర పత్తి ఆరబోసి వచ్చిన ఒక తమ్ముడు "రేపు మా దిక్కు వాన పడ్తదా అన్నా?" అని అడిగాడు. ఐదుగురు ఐదు ఫోన్లు తీశారు. ఒక ఫోన్ వాన లేదంది. ఇంకొకటి ఉరుములు, మెరుపులు అంది. మూడోదాంట్లో కబురు కంటే ముందు పురుగుమందు ప్రకటన వచ్చింది. నాలుగోదాంట్లో డేటా అయిపోయింది. ఐదోదాంట్లో ఒకాయన తుపాను బొమ్మ చూపించి అరుస్తున్నాడు, తీరా చూస్తే అది నిరుటి వీడియో. చివరికి పెద్దాయన ఒకరు లేచి రేడియో పెట్టారు. గరగర తప్ప ఏమీ రాలేదు. "సెల్లులు పోయినయేమో" అన్నారెవరో. సెల్లులు మార్చినా గరగరే. దాన్ని ఆఖరిసారి ఎప్పుడు విన్నామో గదిలో ఎవరికీ గుర్తులేదు.

"రైతులు రేడియో వినడం మానేశారు, కాలం మారింది" అని అధికారులు తేలిగ్గా అనేస్తారు. కాలం దానంతటది మారలేదు. రైతు వినే అలవాటును మార్చినవాళ్లున్నారు. ఆ మార్పులో లాభపడినవాళ్లున్నారు. నష్టపోయింది మాత్రం మనం. మన తప్పూ కొంత ఉంది. అదీ చెప్పుకుందాం.

మనం ఎట్లా వినేవాళ్లమో ముందు గుర్తు చేసుకుందాం. పంచాయతీ ఆఫీసు ముందు లౌడ్‌స్పీకర్ పెట్టి ఊరికంతా ఒకే రేడియో వినిపించిన రోజులున్నాయి. సొంత రేడియో ఉన్నవాళ్లు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు డబ్బు కట్టాలి. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది. సైకిల్ హ్యాండిల్‌కు, మోటారు కొట్టంలో మేకుకు, మంచె మీద వాసానికి వేలాడింది. రెండు సెల్లులుంటే చాలు, కరెంటు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. చేతులు కలుపు తీస్తుంటే చెవులు వార్తలు వినేవి. సాయంత్రం 'పాడిపంటలు' వచ్చే వేళకు అరుగు మీద నలుగురు చేరేవాళ్లు. వాతావరణం, మార్కెట్ ధరవరలు విన్నాకే రేపు బండి కట్టాలా వద్దా అని తేల్చుకునేవాళ్లు.

సీతాఫల్‌మండి పేరులోనే మండి ఉంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకు పోయే కార్మికుల ఇళ్లు ఉన్న ఈ చుట్టుపక్కల బస్తీల్లో కార్మికుల కార్యక్రమం వినని ఇల్లు తక్కువ. చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు మాట్లాడుకుంటుంటే పక్కింటి వాళ్లు మాట్లాడుకున్నట్టే ఉండేది. పల్లె నుంచి వచ్చి రైల్వేలో చేరిన కుటుంబాలకు ఊరి కబురు, పంట కబురు కూడా ఆ పెట్టెలోంచే అందేది.

ఆ రోజుల్లో అంతా బాగుందని చెప్పడం లేదు. ఆకాశవాణి ప్రభుత్వ గొంతే. 1966లో హరిత విప్లవంతో పాటే ఆకాశవాణి కేంద్రాల్లో 'ఫార్మ్ అండ్ హోమ్' విభాగాలు మొదలయ్యాయి. తంజావూరు ప్రాంతంలో ఏడీటీ-27 వరి రకం రేడియో ద్వారా ఎంతగా ప్రచారమైందంటే రైతులు దాన్ని 'రేడియో వడ్లు' అన్నారు. అదే రేడియో యూరియా గురించి, పురుగుమందు గురించి కూడా చెప్పింది. అప్పుల గురించి, భూమి పంపకం గురించి అంత గట్టిగా చెప్పలేదు. అయినా ఒక తేడా ఉంది. ఆ గొంతు తప్పు చెబితే ఎవరిని నిలదీయాలో మనకు తెలుసు. సైఫాబాద్‌లో ఆకాశవాణి భవనం ఉంది, ఉత్తరం రాయడానికి చిరునామా ఉంది. ఫోన్‌లో నిరుటి తుపాను చూపించినవాడి చిరునామా ఎక్కడుంది?

1956లో పుణె ప్రాంతంలో యునెస్కో సాయంతో 150 గ్రామాల్లో రేడియో గ్రామీణ వేదికలు నడిచాయి. ఊళ్లో కొంతమంది కూర్చుని కార్యక్రమం విని, దాని మీద చర్చించి, వచ్చిన ప్రశ్నలను కేంద్రానికి పంపేవాళ్లు. ఆ ప్రశ్నలకు జవాబులు తర్వాతి కార్యక్రమాల్లో వచ్చేవి. వినడం అంటే అది. విన్నాక తిరిగి అడగగలగడం. దాన్ని దేశమంతటా విస్తరిస్తామని 1959లో మొదలుపెట్టారు, క్రమంగా నీరుగార్చారు. అడిగే రైతు కంటే వినే రైతే పాలకులకు సుఖం.

ఆ తర్వాత మన అలవాటు ముక్కలు ముక్కలైంది. టీవీ రేడియోను అరుగు మీద నుంచి ఇంట్లోకి, ఇంట్లోంచి అటక మీదికి పంపింది. 2001 నుంచి ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు వచ్చాయి. పాటలు, జోకులు, మధ్యలో ప్రకటనలు. ఆటోలో, కారులో, నగరం కోసం చేసిన రేడియో అది. పల్లెలో మనం పాటలను మెమరీ కార్డులో వేయించుకుని ట్రాక్టర్ మీద విన్నాం. ఆ కార్డులో వాతావరణం ఉండదు, ధర ఉండదు. ఇప్పుడు స్మార్ట్‌ఫోన్. నలుగురు విన్న రేడియో పోయి నాలుగు చెవుల్లో నాలుగు ఇయర్‌ఫోన్లు. ఒకే అరుగు మీద కూర్చుని ఎవరి వీడియో వాళ్లు చూస్తున్నాం. తప్పు మందు కొట్టినా ఎవరికి వారే కొడుతున్నాం. గులాబీ రంగు పురుగుకు ఏదో వీడియోలో చెప్పిన మందు తెచ్చి, ఎకరానికి రెండుసార్లు కొట్టి, పురుగూ చావక అప్పూ తీరక మన దగ్గరికి వచ్చినవాళ్లు ఒక్కరిద్దరు కాదు. చెప్పినవాడికి ఆ మందు అమ్మితే ఎంత ముడుతుందో వాళ్లకు తెలియదు. అరుగు మీద నలుగురూ కలిసి విని ఉంటే ఒక్కడైనా "ఇది నిజమేనా?" అనేవాడు.

ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది, 1997లో అమల్లోకి వచ్చింది. అందులోని 12వ సెక్షన్ వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి, విద్య, ఆరోగ్యం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని చెబుతుంది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తుల్లో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ప్రజల ఆస్తి అన్నాక ఏం జరిగింది? ఆ తరంగాలను వేలం వేశారు. డబ్బున్న కంపెనీలు కొనుక్కున్నాయి. దూర పల్లెలకు చేరే మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను పాతబడ్డాయంటూ పక్కన పెడుతూ వస్తున్నారు. ఎఫ్‌ఎం ఉందిగా అంటారు. ఎఫ్‌ఎం ఎంత దూరం వస్తుందో గుట్టల అవతలి తండాలో నిలబడి వినమనండి.

ఇంకో విచిత్రం చూడండి. వార్తా టీవీ చానల్ పెట్టి ఇరవై నాలుగు గంటలూ అరవడానికి అనుమతి ఇస్తారు. రేడియోకు మాత్రం ఇవ్వరు. ప్రైవేటు ఎఫ్‌ఎం అయినా, ఊరి సముదాయ రేడియో అయినా ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు వినిపించాలే తప్ప సొంత వార్త చెప్పకూడదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. చిరుధాన్యాల గురించి, విత్తనం దాచుకోవడం గురించి తమ మాటలో తామే చెప్పుకున్నారు. మైకు పట్టుకోవడానికి డిగ్రీ అక్కర్లేదని దేశానికి చూపించింది ఆ అక్కలే. కానీ చట్టం ప్రకారం ఆ మైకులోంచి "మన మార్కెట్లో ఇవాళ కొనుగోలు ఆపేశారు, రైతులు రోడ్డెక్కారు" అని సొంతంగా వార్త చదవడానికి వీల్లేదు. పేదవాడి చేతిలోని మాధ్యమానికే ఈ సంకెల ఎందుకు?

ఇది పాత రోజుల మీద బెంగ కాదు, డబ్బు లెక్క. 2025-26లో పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధర పూర్తిగా దక్కాలంటే తేమ 8 శాతం దాటకూడదు. 12 దాటితే సీసీఐ కొననే కొనదు. అంటే ఒక్క రాత్రి వాన కబురు అందకపోతే ఆరబోసిన పత్తి దళారి పాలవుతుంది. దానికి తోడు ఆ సీజన్ నుంచి 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుంటేనే కొంటామన్నారు. స్మార్ట్‌ఫోన్ లేని రైతు, సిగ్నల్ లేని తండా, పేరు మీద పట్టా లేని కౌలు రైతు ఏ యాప్‌లో దూరాలి? 2018లో వచ్చిన రైతుబంధు కౌలు రైతుకు అందలేదు. 2011 చట్టం అతనికి రుణ అర్హత కార్డు ఇవ్వాలంది. ఆ చట్టంలో ఏముందో రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు రేడియోలో చదివి ఉంటే ఎంతమంది తహసీల్దార్ ఆఫీసు ముందు నిలబడేవాళ్లో! అందుకే చదవలేదు.

పాలకులకు రేడియో శక్తి తెలియక కాదు. 2014 అక్టోబరు 3 నుంచి ప్రధాని 'మన్ కీ బాత్' వినిపిస్తున్నదీ ఈ రేడియోలోనే. ఆయన మాట్లాడతారు, దేశం వినాలి. 2020 డిసెంబరు 27న ఢిల్లీ సరిహద్దుల్లో చలిలో కూర్చున్న రైతులు దానికి జవాబు ఇచ్చారు. ఆ ప్రసారం సాగినంతసేపూ పళ్లాలు మోగించారు. మా మాట విననివాడి మాట మేమెందుకు వినాలన్నారు. ఏడాది తిరగకుండానే 2021 నవంబరు 19న మూడు చట్టాలు వెనక్కి తీసుకుంటున్నామని అదే ప్రధాని ప్రకటించాల్సి వచ్చింది. శ్రోత తిరగబడితే ఏమవుతుందో ఆ పళ్లాల చప్పుడు చెప్పింది.

అందుకే మేం అడుగుతున్నాం. మీడియం వేవ్ ప్రసారాలను ఆపొద్దు. ఆపినచోట తిరిగి మొదలుపెట్టాలి. ప్రతి సాయంత్రం జిల్లావారీ వాతావరణం, మార్కెట్ ధర, దాని పక్కనే మద్దతు ధర చదవాలి. రెండింటి మధ్య తేడా ఎంతో అంకెతో చెప్పాలి. వ్యవసాయ కార్యక్రమాల్లో పురుగుమందుల, విత్తన కంపెనీల ప్రకటనలు ఉండకూడదు. వారానికి ఒక రోజు కౌలు రైతులు, మహిళా రైతులు, వ్యవసాయ కూలీలు అడిగిన ప్రశ్నలకు అధికారి పేరుతో సహా జవాబు రావాలి. సముదాయ రేడియోలకు స్థానిక వార్తలు చెప్పే హక్కు ఇవ్వాలి. ఫోన్లలో ఎఫ్‌ఎం పనిచేసేలా ఉంచాలని 2023లో కేంద్రం కంపెనీలకు సలహా ఇచ్చి ఊరుకుంది. సలహా కాదు, నిబంధన కావాలి.

మన వంతు పనీ ఉంది. గదిలో రేడియో ఉండి కూడా దుమ్ము పట్టించింది మనమే. ప్రతి గ్రామ శాఖ వారానికి ఒక సాయంత్రం అరుగు మీద కలిసి కూర్చోవాలి. రేడియో కార్యక్రమమైనా, ఫోన్‌లో వచ్చిన వీడియో అయినా నలుగురూ ఒకేసారి వినాలి. చెప్పినవాడు ఎవడు, అతనికి డబ్బెవడిస్తున్నాడు, మన నేలకు ఇది పనికొస్తుందా అని మాట్లాడుకోవాలి. తేలని ప్రశ్నను కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఆకాశవాణి కేంద్రానికి పంపాలి, ఒక ప్రతి మన పత్రికకూ పంపాలి. వచ్చిన జవాబులు అచ్చు వేస్తాం. జవాబు రాని ప్రశ్నలను కూడా, ఎన్ని వారాలైందో లెక్కతో సహా, అచ్చు వేస్తాం.

సీతాఫల్‌మండి గదిలో రేడియోను బాగు చేయించాం. కిటికీ దగ్గర పెడితే పొద్దున పూట గరగర కొంచెం తగ్గి మాట వినిపిస్తోంది. ఈసారి ధర్నాకు వచ్చినప్పుడు చాయ్ కంటే ముందు దాని చెవి తిప్పండి. వినండి, విన్నదాన్ని నిలదీయండి.