క్రిస్మస్ విందుకు ముందు స్టార్టరు అవసరమా?

కోయిలకుంట్ల ప్రాంతంలో డిసెంబరు నెల వచ్చిందంటే గ్రామాల్లో చర్చీలకు సున్నాలు వేయడం, ఇళ్లపై నక్షత్రాలు కట్టడం, యువకులు రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగి పాటలు పాడటం మామూలే. వీటితో పాటు సంఘ పెద్దలు కూర్చుని తేల్చుకోవలసిన లెక్క ఒకటున్నది. అది ప్రేమవిందు లెక్క. ఎన్ని బస్తాల బియ్యం, ఎన్ని పొట్టేళ్లు, ఎవరి చందా ఎంత అన్నదే ఒకప్పటి చర్చ. ఇప్పుడు దానికి కొత్త ప్రశ్న ఒకటి తోడయింది. భోజనానికి ముందు 'స్టార్టరు' పెట్టాలా, వద్దా?

నంద్యాల, ఆళ్లగడ్డ కల్యాణ మండపాల్లో పెళ్లిళ్లకు వెళ్లి వచ్చిన వారికి ఈ స్టార్టరు కొత్త కాదు. అన్నం వడ్డించడానికి ముందే చికెన్ సిక్స్‌టీఫైవ్, గోబీ మంచూరియా, చిన్న కప్పులో సూపు పంచుతారు. పట్టణంలోని పెళ్లికి ఉన్న మర్యాద పల్లెలోని పండుగకు ఎందుకు ఉండరాదన్నది యువకుల వాదన. ఉన్నదానితో సరిపెట్టుకొనే విందుకు కొత్త ఖర్చు తగిలించడం ఎందుకన్నది పెద్దల వాదన. ఇది రుచికి సంబంధించిన చిన్న విషయంగా కనిపించినా దీని వెనుక కూలి కుటుంబాల చందా ఉన్నది, ఊరి మర్యాద ఉన్నది, ఎవరు ముందు తింటారు, ఎవరు వెనుక తింటారు అన్న పాత సమస్య ఉన్నది.

పండుగ గుర్తు మారుతూ వచ్చింది

ఈ నల్లరేగడి నేలలో జొన్నరొట్టె, సంకటి, కొర్రబువ్వ నిత్యం తినే తిండి. వరి అన్నం పండుగనాటి భోజనం. ఏడాదికి ఒకటి రెండుసార్లు తెల్లన్నం కడుపునిండా తినడమే కూలి కుటుంబాలకు పెద్ద విందుగా ఉండేది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చిన తర్వాత వరి అన్నం నిత్య భోజనమైంది. అప్పటి నుంచి పండుగకు మాంసమే గుర్తయింది. తర్వాత ఫారం కోళ్లు వచ్చి ఆదివారం ఆదివారం కోడికూర వండుకొనే ఇళ్లు పెరిగాయి. మాంసం కూడా మామూలైపోయింది. పండుగను పండుగగా చూపించడానికి మరొకటి కావలసి వచ్చింది. స్టార్టరు ఆ ఖాళీలో వచ్చి కూర్చున్నది.

యువకుల కోరికను ఆడంబరమని కొట్టిపారేయడం తగదు. హైదరాబాదులో, బెంగుళూరులో పనిచేసి పండుగకు ఇంటికి వచ్చే పిల్లలు తమ తల్లిదండ్రులకు కూడా నాలుగు రకాలు వడ్డించాలని ఆశపడటంలో తప్పు లేదు. వారి తాతలు ఇతరుల పెళ్లిళ్లలో దూరంగా కూర్చుని, అందరూ తిన్న తర్వాత మిగిలినది తిన్న రోజులున్నాయి. తమ విందులో ఏ లోటూ ఉండరాదన్న పట్టుదల ఆ అనుభవం నుంచి పుట్టినదే. అయితే ఆ లోటు తీరే దారి చికెన్ ముక్కలేనా అన్నది ఆలోచించాలి.

స్టార్టరు పుట్టిన చోట

ఐరోపాలో ఒకప్పుడు పెద్ద విందులలో అనేక వంటకాలను ఒకేసారి బల్లపై పెట్టేవారు. ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి వడ్డించే రష్యా పద్ధతి అక్కడ 19వ శతాబ్దంలో వ్యాపించింది. ఈ పద్ధతిలో మొదట కొద్దిగా సూపో, చేపముక్కో ఇచ్చి ఆకలిని మేలుకొలుపుతారు. చలిదేశంలో వేడి సూపుకు ఒక అర్థమున్నది. అక్కడ కూడా క్రిస్మస్ రోజున టర్కీ కోడి, దుంపలు, పుడ్డింగు ఉండగా ముందే కడుపు నింపడం దేనికని స్టార్టరు మానుకొనే ఇళ్లు ఉన్నాయి.

మన పద్ధతి వేరు. విస్తరిలో తీపి, పప్పు, కూర, పచ్చడి అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. తినేవాడు తనకు నచ్చిన వరుసలో తింటాడు. మొదట కాస్త తీపి వడ్డించడమే మనకున్న స్టార్టరు. దానికి వేరే పళ్లెం అక్కరలేదు, వేరే బల్ల అక్కరలేదు.

ఇతర చోట్ల క్రైస్తవులు కూడా విందును తమ తమ అలవాట్లకు తగినట్లే దిద్దుకొన్నారు. కేరళలో సిరియన్ క్రైస్తవులు 25 రోజుల ఉపవాస దీక్ష తర్వాత పండుగనాడు పాలప్పం, ఇష్టూతో దీక్ష విరమిస్తారు. పోలండు దేశంలో క్రిస్మస్ ముందునాటి సాయంత్రం తొలి నక్షత్రం కనిపించే వరకు ఆగి, పలుచని రొట్టె బిళ్లను ఇంటిల్లిపాదీ తుంచి పంచుకొంటారు. ఆ తర్వాతనే భోజనానికి కూర్చుంటారు. ఆ రొట్టెకు ఖర్చు దాదాపు లేదు. కానీ ఇంట్లో అది అందని మనిషి ఉండడు.

అసలు ఇబ్బంది ఆకలి

ముందు ఏదీ పెట్టరాదనడం కూడా సరికాదు. పండుగనాడు ఆరాధన తెల్లవారుజామునో, ఉదయమో మొదలవుతుంది. ప్రభు రాత్రి భోజన సంస్కారానికి ముందు ఏమీ తినని వారు చాలామంది. పాటలు, ప్రసంగం, పిల్లల నాటిక, బహుమతులు అయ్యేసరికి మధ్యాహ్నమవుతుంది. పొయ్యిమీద మాంసం ఉడికి మొదటి బంతి లేచేసరికి రెండు దాటినా ఆశ్చర్యం లేదు. పసిపిల్లలు ఏడుస్తారు. ముసలివారు నీరసపడతారు. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల చక్కెర మాత్రలు గానీ వాడేవారు ఎక్కువసేపు తినకుండా ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. కనుక ఆరాధన ముగియగానే నోటికి ఏదో ఒకటి అందించడం అవసరమే. అయితే అది ఆకలిని ఆపేందుకా, గొప్ప చూపేందుకా అన్నదే ప్రశ్న.

ఆకలిని ఆపేందుకైతే దారి ఊళ్లోనే ఉన్నది. కోయిలకుంట్ల చుట్టుపట్ల పొలాల్లో పండేది శనగ. నానబెట్టి ఉడికించి, ఎండుమిర్చి, కరివేపాకు తిరగమోత వేసిన గుగ్గిళ్లు, ఒక గ్లాసు మజ్జిగ ఇస్తే పిల్లలకూ, పెద్దలకూ గంటసేపు నిలుస్తుంది. మాంసం తినని పొరుగువారు విందుకు వచ్చినా వారికి అభ్యంతరం ఉండదు.

లెక్క కూడా చూడాలి. 300 మందికి తలకు 100 గ్రాముల చొప్పున వేసినా 30 కిలోల ఎముకలు లేని కోడిమాంసం కావాలి. కిలో 300 రూపాయలనుకున్నా 9,000 రూపాయలు. నూనె, మసాలా, వేయించే మనిషి కూలి దీనికి అదనం. అదే 300 మందికి తలకు 40 గ్రాముల శనగలైతే 12 కిలోలు చాలు. కిలో 100 రూపాయలనుకున్నా 1,200 రూపాయలే. మిగిలిన డబ్బుతో మాంసం మరికొంత తెచ్చి చివరి బంతికి కూడా ముక్కలు అందేట్లు చూడవచ్చు. లేదా పత్తి తీతకు వెళ్లి రోజుకూలితో బతికే కుటుంబాల చందా తగ్గించవచ్చు. ఇరుగుపొరుగు ముందు తక్కువ కాకూడదని అప్పు చేసి చందా ఇచ్చే ఇల్లు ఏ ఊళ్లోనైనా ఒకటి ఉంటుంది. ఆ ఇంటికి పండుగ జనవరిలో వడ్డీగా మిగులుతుంది.

ఎర్రగా కనిపించాలని వేసే రంగుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పక్కనున్న కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలోను, జూన్‌లో చికెన్, చేప కబాబుల్లోను కృత్రిమ రంగులను నిషేధించింది. రాత్రి మసాలా పట్టించి మధ్యాహ్నం వరకు చల్లదనం లేకుండా ఉంచిన మాంసం కూడా ప్రమాదమే. పల్లెల్లో అన్ని కిలోలకు సరిపడే ఫ్రిజ్ ఎక్కడ ఉంటుంది?

కుర్చీలకు ముందు, బంతికి తర్వాతనా?

డబ్బుకన్నా పెద్ద విషయం మరొకటున్నది. స్టార్టరు పళ్లేలు ముందుగా ఎటు వెళతాయి? వేదిక దగ్గర కుర్చీల్లో కూర్చున్న అతిథుల వద్దకు, నాయకుల వద్దకు, పట్నం నుంచి వచ్చిన బంధువుల వద్దకు వెళతాయి. వంటశాలలో తెల్లవారుజాము నుంచి పొగలో నిలబడిన ఆడవారికి, చివరి వరుసలో చాప మీద కూర్చున్న ముసలమ్మకు అందేసరికి పళ్లెంలో ఉల్లిపాయ ముక్కలు మిగులుతాయి.

ఈ సమస్య నేటిది కాదు. పౌలు కొరింథీ సంఘానికి వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో మందలించినది సరిగ్గా దీనినే. అక్కడ కలిగినవారు ముందే వచ్చి తమది తాము తినేవారు. లేనివారు ఆకలితో మిగిలేవారు. లేనివారిని సిగ్గుపరచవద్దని, భోజనానికి కూడివచ్చినప్పుడు ఒకరికోసం ఒకరు ఆగాలని ఆయన చెప్పాడు. ప్రేమవిందు అన్న పేరుకు అర్థం అందులోనే ఉన్నది.

1876-78 నాటి కరువు కర్నూలు సీమను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. ఆ కరువును చూసిన నేలమీద ఊరంతా ఒకే బంతిలో కూర్చుని ఒకే కుండలోని అన్నం తినడం చిన్న విషయం కాదు. యువకులు కోరుకొనే మర్యాద ఆ బంతిలోనే ఉన్నది. నలుగురికి ముందు, మిగతావారికి వెనుక పెట్టే పళ్లెంలో లేదు.

కనుక డిసెంబరు మొదటి ఆదివారమే సంఘ పెద్దలు, యువకులు, ముఖ్యంగా వంట చేసే ఆడవారు కూర్చుని నిర్ణయించుకోవడం మంచిది. భోజనానికి ముందు పెట్టేది ఏదైనా సరే అందరికీ ఒకటే కావాలి. మొదట పిల్లలకు, వృద్ధులకు, రోగులకు అందాలి. ఆ తర్వాత గంటలోగా విస్తళ్లు పడాలి. వేయించిన కోడిముక్క తప్పక కావాలంటే దానిని విడిగా ముందు తిప్పక, అన్నంతో పాటు విస్తరిలోనే తలకు రెండు ముక్కలు వేయవచ్చు. వంట చేసిన వారికి రెండో బంతిలోనైనా చోటు చూపి, యువకులే వడ్డించాలి. చందాలు, ఖర్చుల లెక్క చర్చి గోడమీద అంటించాలి.

ఇంతా చేస్తే ఆ ఊరి విందుకు స్టార్టరు లేదని ఎవరూ తక్కువగా చూడరు. చివరి బంతి వాడు కూడా చెయ్యి కడుక్కొని, కడుపు నిండిందని చెప్పి లేస్తే చాలు.