పసుపు మాత్ర వేసుకుంటే వాకింగ్ మానేయొచ్చా? రక్తనాళాల విషయంలో అసలు లెక్క ఇదీ!

ఫోన్ తెరిస్తే చాలు.. ‘రక్తనాళాలు క్లీన్ చేసే’ మూలికల రీల్స్. పసుపు క్యాప్సూల్, వెల్లుల్లి మాత్ర, తెల్లమద్ది బెరడు పొడి.. ఏది చూసినా గుండెకు రక్షే అంటున్నారు. రోజూ నడిచే ఓపిక లేనివాళ్లకు ఈ మాట తియ్యగానే ఉంటుంది. విచిత్రం ఏంటంటే, మాత్రకూ వ్యాయామానికీ పోటీ పెట్టి చూసిన పరిశోధన ఒకటి నిజంగానే ఉంది.

2012లో జపాన్ పరిశోధకులు మెనోపాజ్ దాటిన 32 మంది మహిళలను మూడు గ్రూపులుగా విడదీశారు. ఒక గ్రూపుకు పసుపులో ఉండే కర్క్యుమిన్ ఇచ్చారు. రెండో గ్రూపుతో ఏరోబిక్ వ్యాయామం చేయించారు. మూడో గ్రూపుకు రెండూ లేవు. 8 వారాల తర్వాత చూస్తే మొదటి రెండు గ్రూపుల్లోనూ రక్తనాళాల పనితీరు దాదాపు ఒకేలా మెరుగుపడింది.

మరి వాకింగ్ షూస్ అటకెక్కించేయొచ్చా? తొందరపడొద్దు.

ముందు ఆ టెస్టులో కొలిచింది ఏంటో చూడాలి. రక్తనాళం లోపలి గోడకు ఎండోథీలియం అనే పల్చటి పొర ఉంటుంది. రక్తం వేగంగా పారినప్పుడు ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది, దాంతో నాళం వెడల్పవుతుంది. ఈ వాయువు గుట్టు విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. టెస్టులో చేతికి బీపీ పట్టీ 5 నిమిషాలు బిగించి వదులుతారు. రక్తం ఒక్కసారిగా దూసుకొచ్చినప్పుడు నాళం ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. అంతే! గుండెపోటు తప్పిందా లేదా అన్నది ఈ టెస్టు చెప్పదు. 32 మందితో, 8 వారాల్లో అది తేలే విషయమూ కాదు. పైగా వాళ్లకు ఇచ్చింది పోపుల డబ్బాలోని పసుపు కాదు, ఒంటికి బాగా పట్టేలా ప్రత్యేకంగా తయారుచేసిన కర్క్యుమిన్.

తెల్లమద్దిపైనా మన దేశంలో చిన్న అధ్యయనాలు జరిగాయి. బీపీ ఉన్నవారిలో వెల్లుల్లి కొద్దిగా బీపీ తగ్గిస్తుందనీ కొన్ని విశ్లేషణలు చెబుతున్నాయి. కాబట్టి అంతా బోగస్ అనలేం. కానీ పెద్ద పరీక్ష పెట్టేసరికి చాలా మూలికలు చతికిలపడ్డాయి. అమెరికాలో 75 ఏళ్లు, ఆపై వయసున్న 3,069 మందితో కొన్నేళ్లపాటు జరిగిన ట్రయల్‌లో జింకో మాత్రలు బీపీని గానీ, గుండెజబ్బు మరణాలను గానీ తగ్గించలేదు. 2022లో ఫలితాలు వచ్చిన మరో ట్రయల్‌లో పసుపు, వెల్లుల్లి, దాల్చినచెక్క సహా 6 సప్లిమెంట్లను స్టాటిన్ మాత్రతో పోల్చారు. చెడు కొలెస్ట్రాల్ స్టాటిన్‌తో దాదాపు 38 శాతం తగ్గింది. సప్లిమెంట్లలో ఒక్కటీ ఉత్తుత్తి మాత్రను మించి పనిచేయలేదు. వెల్లుల్లి గ్రూపులోనైతే కాస్త పెరిగింది కూడా!

వ్యాయామం సంగతి వేరు. నడిచినప్పుడు రక్తం నాళాల గోడలను ఒరుసుకుంటూ జోరుగా పారుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ విడుదలకు సిగ్నల్ ఆ ఒరిపిడే. 2000లో వచ్చిన జర్మనీ అధ్యయనంలో 19 మందే ఉన్నా, వాళ్లంతా గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు. 4 వారాల వ్యాయామంతోనే వాళ్ల గుండె నాళాల పనితీరు మెరుగైంది. షుగర్, బీపీ, బరువు అదుపులోకి రావడం దీనికి అదనం. ఏ క్యాప్సూల్ ఇవన్నీ కలిపి ఇస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుతున్నది వారానికి కనీసం 150 నిమిషాలు. కానీ 2022 లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దల్లో సగం మంది సరిపడా కదలడమే లేదు.

అసలు ప్రమాదం ఎక్కడంటే.. ‘నేచురల్ కదా, ఏం కాదులే’ అనుకోవడంలో. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు వెల్లుల్లి, జింకో మాత్రలు కూడా వేసుకుంటే రక్తస్రావం ముప్పు ఉంటుంది. పసుపు సప్లిమెంట్లతో కాలేయం దెబ్బతిన్న 10 కేసులను అమెరికా వైద్యులు 2022లో బయటపెట్టారు. వారిలో ఒకరు చనిపోయారు.

ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో పెద్దల్లో 35.5 శాతం మందికి బీపీ ఉంది. మాత్రలు పక్కనపెట్టి పొడులు నమ్ముకుంటే నష్టపోయేది వీళ్లే. బీపీ, గుండెజబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. హెల్త్ సప్లిమెంట్ల లేబుల్‌పై ‘వైద్య అవసరాలకు కాదు’ అని రాయాలన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. ఇప్పటికే ఏదైనా వాడుతుంటే ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ డబ్బా కూడా తీసుకెళ్లండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.