పిలవని పేర్లు

చైత్రమాసం వచ్చేసరికి సారపాక వంతెన మీద రెండు రకాల జనం కనిపిస్తారు. శ్రీరామనవమి కల్యాణానికి భద్రాచలం వెళ్లే యాత్రికులు ఒక రకం. ఏడాది చదువు ముగించి, పెట్టె నెత్తిన పెట్టుకొని, గూడెముల దారి పట్టే వసతిగృహపు పిల్లలు రెండవ రకం. యాత్రికుల కోసం పందిళ్లు వేస్తారు, చలివేంద్రాలు పెడతారు. అది న్యాయమే. ఈ పిల్లల కోసం కూడ ఇంచుమించు ఆ రోజుల్లోనే బడిలో ఒక పండుగ జరుగుతుంది. దానికి వార్షికోత్సవమని పేరు. ఆ పండుగ ఎవరి కోసం జరుగుతున్నది, ఎవరిని సంతోషపెట్టి ఇంటికి పంపుతున్నది అన్న విషయం కొంచెం విచారించాలని నా ఉద్దేశం.

ఉత్సవం జరిగే తీరు ఉపాధ్యాయులకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. జ్యోతి వెలిగించడం, స్వాగత గీతం, నివేదిక, అతిథుల ఉపన్యాసాలు, బహుమతి ప్రదానం, నృత్యాలు, వందన సమర్పణ. బహుమతులు ఎవరికి? తరగతిలో మొదట నిలిచినవారికి, రెండవవారికి, ఆటల్లో గెలిచినవారికి. నాలుగు వందల మంది పిల్లలున్న బడిలో వేదిక ఎక్కేవారు నలభై మంది. అందులోనూ నాలుగైదు ముఖాలు మాటిమాటికీ కనబడతాయి. తక్కిన మూడువందల అరవై మంది ఏమి చేస్తారు? చప్పట్లు కొడతారు.

కొన్ని ఏండ్ల క్రిందట ఈ అడవి అంచునే ఒక పాఠశాల ఉత్సవానికి వెళ్లాను. దాని పేరుతో మనకు నిమిత్తం లేదు. ఇది ఏ ఒక్క బడి సంగతీ కాదు. ఒక పిల్లవాడు పొద్దుటినుంచీ కుర్చీలు మోశాడు, తోరణాలు కట్టాడు, అతిథులకు మంచినీళ్లు అందించాడు. సభ మొదలుకాగానే చివరి వరుసలో కూర్చొని ప్రతి పేరుకూ అందరికంటె గట్టిగా చప్పట్లు కొట్టాడు. సభ ముగిసిన తర్వాత దగ్గరకు పిలిచి, "నీకేం వచ్చింది బాబూ?" అని అడిగాను. "నాకేం రాదు సార్. నేను చప్పట్లు కొట్టే బ్యాచి" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వులో అసూయ లేదు. ఉంటే బాగుండుననిపించింది. తన స్థానం అదేనని అతడు అప్పటికే ఒప్పుకొన్నాడు. ప్రధానోపాధ్యాయునితో ఆ మాట అంటే, ఆయన నొచ్చుకొని, "మంచి కుర్రవాడండీ. ఈ ఏడు ఒక్క రోజు నాగా పెట్టలేదు" అన్నారు. "మరి దానికి బహుమతి లేదా?" అన్నాను. "దానికి బహుమతి ఏముంటుందండీ!" అన్నారాయన. ఆయన మంచివారే. బడికి రావడం కూడ ఒక ఘనకార్యమా అన్నది మనలో చాలమంది అభిప్రాయం.

ఘనకార్యమే అని నా మనవి. ఈ ప్రాంతంలో ఒక పిల్లవాడు ఏడాది పొడుగునా బడికి రావడమంటే ఏమిటో చూడండి. సారపాక బళ్లలో కాగితపు మిల్లు కార్మికుల పిల్లలున్నారు, వ్యవసాయ కూలీల పిల్లలున్నారు, చుట్టుపట్ల గూడెముల కోయ పిల్లలున్నారు. అడవి లోపలికి వెళితే ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల పిల్లలున్నారు. ఇంట్లో కోయ మాట్లాడే పసివాడు ఒకటవ తరగతిలో అడుగుపెట్టిననాడు మాస్టారి మాట తెలుగు, పలకమీది అక్షరం తెలుగు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బళ్లలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చిన తర్వాత పుస్తకంలో ఎదురు పుట ఇంగ్లీషు. అమ్మ నేర్పిన మాట ఒక్కటీ అక్కడ అక్కరకు రాదు. తెలుగు బాలుడు ఒకటవ తరగతిలో చదువు మొదలుపెడతాడు. కోయ బాలుడు ముందు భాష నేర్చి, తర్వాత చదువు మొదలుపెట్టాలి. ఇద్దరికీ పరీక్ష మాత్రం ఒక్క రోజే.

ఈ కష్టాన్ని మనవారు గుర్తించకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే బళ్లు పెట్టించి, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఈ శతాబ్దం మొదటి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతులకు వాచకాలు వేయించింది. అయితే వాచకంలోకి ప్రవేశించిన భాషకు వార్షికోత్సవ వేదిక మీద ఇంకా చోటు దొరకలేదు. కోయ పిల్లలచేత కొమ్ములు ధరింపజేసి నృత్యం చేయిస్తాము, ఫోటోలు తీయిస్తాము. ఆ పిల్లల తల్లిదండ్రులకు అర్థమయ్యేటట్లు కోయలో రెండు ముక్కలు చెప్పించడం మనకు తోచదు.

ఇక కాలం సంగతి. మనం ఉత్సవాలు జరిపే మాసాలు ఈ అడవిలో పనుల మాసాలు. మాఘం దాటినప్పటినుంచి మిర్చి కోతలు. ఎండ ముదిరేసరికి ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ చెట్టుక్రింద ఉండాలి. అది ముగిసీ ముగియకముందే తునికాకు. ఆకు కోసి కట్టలు కట్టే పనిలో పిల్లల చేతులు కూడ కలుస్తాయి. పగలు పదకొండు గంటలకు సభ పెట్టి, "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు, ఒక్కరూ రాలేదు" అని నివేదికలో వ్రాసుకోవడం ఎంతవరకు సమంజసం? వారు రాకపోవడం అశ్రద్ధవల్ల కాదు. ఆనాటి కూలి పోగొట్టుకొని, తమ బిడ్డ పేరు వినబడని సభకు వచ్చి కూర్చోవడానికి కారణమేమీ వారికి కనిపించలేదు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉన్నది. వేసవి సెలవులు చిన్నవి కావు. గూడెంలో ఐదవ తరగతి ముగించిన బాలిక ఆరవ తరగతికి ఇల్లు విడిచి ఆశ్రమ పాఠశాలకు పోవాలి. పదవ తరగతి ముగించిన బాలుడు ఇంటర్మీడియట్‌కు మరొక ఊరు పోవాలి. ఈ రెండు మలుపుల దగ్గరే పిల్లలు జారిపోతారు. జూన్‌లో బడి తెరిచి హాజరు పిలిచినప్పుడు కొన్ని పేర్లకు జవాబు రాదు. అప్పుడు ఉపాధ్యాయులు గూడెముల వెంట తిరిగి బ్రతిమాలుతారు. పాపం, వారి శ్రమను నేను తక్కువ చేయను. కాని జూన్‌లో వెతకబోయే పిల్లవాని పేరును ఏప్రిల్‌లో ఒకసారి వేదిక మీదినుంచి పిలిచి ఉంటే, ఆ వెతుకులాట కొంతైనా తగ్గదా?

"అందరినీ పిలిచి సత్కరిస్తే ప్రతిభకు విలువ ఏముంటుంది?" అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. మొదట నిలిచినవారి బహుమతి తీసివేయమని నేను అనడం లేదు. కాని మార్కులకు సన్మానం కరువై ఉన్నదా? తెలంగాణలో 2025 పదవ తరగతి ఫలితాలతో మళ్లీ మార్కులు వచ్చాయి. ఫలితాలు వెలువడిన మర్నాడే నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీలు లేస్తాయి. జిల్లా కేంద్రంలో అధికారులు శాలువలు కప్పుతారు, పత్రికలు ఫోటోలు వేస్తాయి, కళాశాలలు ఇంటికి వచ్చి పిలుస్తాయి. మార్కుల మెమో తన పని తాను చక్కగా చేసుకొంటున్నది. మెమో చెప్పలేని సంగతిని చెప్పడమే కదా బడి చేసే ఉత్సవానికి పని!

మెమోలో లేని గుణాలు ఎంత ఎత్తుకు పోతాయో మన కళ్లముందే ఒక దృష్టాంతం ఉన్నది. 2014 మే 25న పదమూడేండ్ల మలావత్ పూర్ణ, మన ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు శిఖరం ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకొన్న పేద పిల్లలే. గుండె ధైర్యానికి మార్కుల పట్టికలో గడి లేదు. వారిలోని ఆ గుణాన్ని ఎవరో కనిపెట్టి, పేరు పెట్టి పిలిచారు కనుకనే వారు బయలుదేరారు.

అందరినీ కలుపుకొనే ఉత్సవం మనకు కొత్తదీ కాదు. కోస్తా జిల్లాల పల్లెల్లో ఒకప్పుడు దసరాకు పంతులుగారు పిల్లలందరినీ వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగేవారు. చదివే పిల్లవాడికీ, చదవని పిల్లవాడికీ చేతిలో రంగు కాగితాల విల్లు ఉండేది; అందరి దోసిట్లోనూ పప్పుబెల్లాలు పడేవి. ఊరంతా తమ బడిని గడపలో నిలుపుకొని చూసుకొనేది. ఇక కోయల కొత్తల పండుగ చూడండి. కొత్త పంటను దేవతకు నివేదించి, ఊరంతా కలిసి పండుగ చేసుకొన్న తర్వాతనే తింటారు. ఎక్కువ పండించినవాడికి ఒక పండుగ, తక్కువ పండించినవాడికి మరొకటి ఉండదు. అమెరికాలో హైస్కూలు చదువు ముగించే రోజున సభ చేసి, పట్టా పుచ్చుకొనే ప్రతి విద్యార్థినీ పేరు పెట్టి పిలుస్తారు. మొదటివాడు ఉపన్యసిస్తే ఉపన్యసించవచ్చు. చివరివాని పేరు మాత్రం మానరు.

అంత దూరం పోనక్కరలేదు. గోదావరి ఆవలి గట్టునే రామాలయం ఉన్నది. గర్భాలయంలోని మూలవిరాట్టు కదలడు. కాని ఉత్సవమూర్తి వీధులలోకి వస్తాడు. ఎందుకు? లోపలికి రాలేనివారికి కూడ దర్శనం కలగాలని. ఉత్సవమన్న మాటకు ఆ ఊరిలో ఉన్న అర్థం అది. మన బడి ఉత్సవం వేదిక మీదనే కదలక కూర్చుంటున్నది.

జిల్లా పేరున జరిగే సన్మానాలు ఉండనే ఉన్నాయి కదా అంటారేమో. ఈ ప్రాంతపు పిల్లలకు జిల్లా అన్నది ఎంత నిలకడైన మాటో గమనించండి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో చేరింది. 2014లో పోలవరం నిమిత్తం చుట్టుపట్ల మండలాలు, సారపాక ఉన్న బూర్గంపాడు మండలంలోనే కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో సారపాక భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిదయింది. రిజిస్టర్లు ఒక కార్యాలయం నుంచి మరొకదానికి పోతూనే ఉన్నాయి. పిల్లవాడు నడిచే దారి మాత్రం మారలేదు. అతనిని పేరుతో ఎరిగినది అతని బడి ఒక్కటే. అది పిలవని పేరును జిల్లా ఎలా పిలుస్తుంది?

కనుక ఉపాధ్యాయులకు నా మనవి నాలుగు మాటలలో చెబుతాను. ఒకటి: వార్షికోత్సవంలో కనీసం ఐదవ తరగతి, పదవ తరగతి ముగించే పిల్లలందరినీ పేరు పేరునా వేదిక మీదికి పిలవండి. ఒక్కొక్కరిని గురించి ఒక్క వాక్యం చెప్పండి. "తమ్ముణ్ణి చంకనెత్తుకొనే బడికి వచ్చింది", "రెండేండ్లలో తెలుగు నేర్చి ఇప్పుడు పద్యం చదువుతున్నాడు", "ఒక్క రోజు నాగా పెట్టలేదు" — ఇటువంటివి. ఈ వాక్యం వ్రాయాలంటే ఉపాధ్యాయుడు ఆ పిల్లవానిని ఏడాది పొడుగునా చూసి ఉండాలి. అదే దాని లాభం. రెండు: కోయ పిల్లలున్న చోట ఆ మాట కోయలో కూడ చెప్పించండి, పై తరగతి విద్యార్థే చెప్పగలడు. మూడు: సభను కూలి పనులు ముగిసిన సాయంకాలానికి మార్చండి. వీలైతే ఒక ఏడాది గూడెంలోనే జరపండి. నాలుగు: ఉపన్యాసాలు తగ్గించండి. అతిథులు నలుగురు పది నిమిషాల చొప్పున మానుకొంటే నలభై నిమిషాలు మిగులుతాయి. ఎనభై మంది పేర్లు పిలవడానికి ఆ కాలం చాలును.

ఖర్చు అంటారా? సారపాకలో 1979 నుంచి కాగితపు మిల్లు నడుస్తున్నది. రైతులు పెంచిన జామాయిల్, సుబాబుల్ దుంగలు లారీలకెత్తి మన కళ్లయెదుటే లోపలికి పోతాయి. అట్టలై, కాగితాలై దేశమంతటికీ వెళతాయి. కాగితం పుట్టే ఊరిలో పిల్లవాని పేరు వ్రాసి ఇవ్వడానికి ఒక కాగితం కరువా? ఆ కాగితం గూడెంలో వాసానికి చెక్కి ఉంటుంది. జూన్ వచ్చినప్పుడు తల్లి దానివైపు ఒకసారి చూస్తుంది.

విద్యార్థులకు కూడ ఒక మాట. మీలో వేదిక ఎక్కేవారు దిగేటప్పుడు చివరి వరుసవైపు చూడండి. మీకు చప్పట్లు కొట్టిన చేతులు ఏడాది అంతా ఏయే పనులు చేసి వచ్చాయో అడిగి తెలుసుకోండి. అది మీ చదువులో భాగమే.

సారపాకనూ భద్రాచలాన్నీ కలిపే వంతెనను 1965లో ప్రారంభించినవారు అప్పటి రాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టినరోజును దేశం 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకొంటున్నది. ఒక ఉపాధ్యాయుని చేతి మీదుగా తెరుచుకొన్న ఆ దారిన నేడు యాత్రికుడూ నడుస్తాడు, తునికాకు కూలీ నడుస్తాడు. నీకెన్ని మార్కులని వంతెన ఎవరినీ అడగదు. బడి అంతకంటె ఇరుకు కారాదు.

వచ్చే ఏడు ఉత్సవం నాడు, బహుమతుల పట్టిక ముగిసిన తర్వాత, చివరి వరుసలో కుర్చీలు మోసి అలసి కూర్చొన్న ఆ పిల్లవాని పేరు ఒకసారి గట్టిగా పిలవండి. ఆ పూట మిగిలినవారు చప్పట్లు కొడతారు.