పెన్‌డ్రైవ్ జాడ ఎవరికి పనికొస్తోంది?

ఆఫీసు కంప్యూటర్లోంచి పెన్‌డ్రైవ్‌లోకి ఏమైనా ఎక్కించుకుంటే యాజమాన్యానికి తెలిసిపోతుందా? కొల్లూరు ప్రాంతంలో మా దగ్గరికొచ్చే అమ్మాయిలు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. కొందరు తెనాలి దుకాణాల్లో లెక్కలు చూస్తారు, కొందరు హైదరాబాదు కంపెనీల పని ఇంటి నుంచే చేస్తారు. వీళ్ళు అడుగుతున్నది దొంగతనం గురించి కాదు. పైఅధికారి రాత్రిళ్ళు పంపిన మెయిళ్ళు మాయమైపోకముందే దాచుకోవాలన్నదే వాళ్ళ ఆరాటం.

తెలిసే అవకాశమే ఎక్కువ. విండోస్ కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టగానే దాని కంపెనీ పేరు, సీరియల్ నంబరు, మొదటిసారి ఎప్పుడు పెట్టారు, చివరిసారి ఎప్పుడు పెట్టారు అన్నీ లోపల నమోదవుతాయి. ఏ ఫైలు కాపీ అయిందో మాత్రం విండోస్ మామూలుగా రాసిపెట్టదు. అందుకే పెద్ద కంపెనీలు వేరే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటాయి. అది ఫైలు పేరు, సమయం, ఎవరి లాగిన్ అన్నది పైకి పంపిస్తుంది. కొన్నిచోట్ల అసలు కాపీనే కానివ్వదు. లాప్‌టాప్ కొల్లూరులో మన ఇంటి మంచం మీదున్నా అంతే. సొంత మెయిలుకి పంపుకున్నా అంతే. "తర్వాత డిలీట్ చేసేస్తే పోతుంది కదక్కా" అంటారు. డిలీట్ చేసిన జాడ కూడా చాలాసార్లు మిగులుతుంది, పైగా తప్పు చేసి దాచినట్టు కనిపిస్తుంది.

ఇక చట్టం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా డేటా కాపీ చేస్తే నష్టపరిహారం కట్టాలి. మోసపు ఉద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. సాక్ష్యం కోసం నాలుగు మెయిళ్ళు తీసుకున్న స్త్రీని ఈ సెక్షన్లు చూపించి బెదిరించడం పెద్ద కష్టమేమీ కాదు. నా అభ్యంతరం ఇక్కడే. ఆమె పెన్‌డ్రైవ్ ఏ నిమిషంలో పెట్టిందో చెప్పగలిగిన యాజమాన్యం, వేధించినవాడు ఏం పంపాడో మాత్రం "రికార్డు దొరకలేదు" అంటే ఎందుకు నమ్మాలి?

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం 11వ సెక్షన్, పత్రాలు తెప్పించుకోవడంలో విచారణ కమిటీకి సివిల్ కోర్టు అధికారాలిచ్చింది. మన కార్యకర్తలు దీన్ని వాడుకోవడం తక్కువ. ఫిర్యాదులోనే ఫలానా తేదీల మెయిళ్ళు, చాట్లు, లాగిన్ రికార్డులు చెరపకుండా భద్రపరచి తెప్పించమని రాయించాలి. ఫోల్డరంతా ఎత్తుకురావడం కన్నా తేదీ, సమయం, ఫైలు పేరు నోటుబుక్కులో రాసుకోవడం మేలు. సొంత ఫోన్‌కి వచ్చిన మెసేజీలుంటే ఆ ఫోను అమ్మేయవద్దు, మార్చేయవద్దు.

గడువు మూడు నెలలే. సరైన కారణం చూపిస్తే మరో మూడు నెలలు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళాలి. 2022లో కొల్లూరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. తెనాలి దుకాణంలో పనిచేసే మా అమ్మాయిని బాపట్లకు తిప్పకండి, గుంటూరు కమిటీ దగ్గరికి తీసుకెళ్ళండి.