జాతి: ఒక పదం, ఒక బాధ్యత

పదం ఒక అర్థంతో పుడుతుంది; లోకంలో సంచరించేకొద్దీ అనేకార్థాలను సంతరించుకుంటుంది. అటువంటి పదాలలో ‘జాతి’ ఒకటి. పుట్టుకను తెలిపే ‘జన్’ ధాతువు నుంచి ఏర్పడిన ఈ సంస్కృతపదానికి మూలార్థం జన్మమే. న్యాయశాస్త్రంలో ఇది ఒక తరగతికి చెందినవాటన్నిటిలోనూ ఉండే సామాన్యధర్మం. ఆవులన్నిటిలోనూ గల గోత్వం వంటిది. ఛందస్సులో కందం, ద్విపద, తరువోజ జాతులు. ఆటవెలది, తేటగీతి, సీసం ఉపజాతులు. సంస్కృతంలో జాజిపూవుకూ ఇదే పేరు. మేలైన మణిని జాతిరత్నం అంటాం.

మనుషుల విషయంలో ఈ పదం మరింత వైవిధ్యాన్ని చూపుతుంది. ‘మానవజాతి’లో భూమిమీది వారందరూ ఒదుగుతారు. ‘జాతీయ పతాకం’లో దేశం, ‘తెలుగుజాతి’లో భాషాసంస్కృతులు ప్రధానం. హిందీలో ‘జాతి’ అంటే కులం. అందుకే అక్కడి ‘అనుసూచిత జాతి’ తెలుగులో ‘షెడ్యూల్డు కులం’ అయింది. ‘జనజాతి’ ‘తెగ’ అయింది. పక్కనున్న పదాన్నిబట్టి, వాడే భాషనుబట్టి అర్థాన్ని నిర్ణయించుకోవాలే తప్ప, ఒకచోటి అర్థాన్ని మరొకచోట అంటగట్టరాదు.

ఇది కేవలం నిఘంటుచర్చ కాదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వం కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసే చట్టం చేసింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి బతికిన ఎరుకలవారు కూడా ఆ ముద్రకు గురయ్యారు. ఏ నేరమూ చేయనివారు సైతం పోలీసుల ఎదుట హాజరు వేయించుకోవలసి వచ్చింది. వ్యక్తి చేసిన తప్పును జాతి లక్షణంగా భావించడమే ఇందుకు మూలం. 1952లో చట్టం రద్దయి, వారు ‘విముక్తజాతులు’ అయ్యారు. అయినా ‘దొంగజాతి’ అనే నింద కొందరి నోళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

మాట మారినంతమాత్రాన మనసు మారుతుందా అని కొందరు ప్రశ్నించవచ్చు. మారకపోవచ్చు. కాని నిందను నిత్యం పలికే నాలుక మనసును మారనివ్వదు. కనుక ‘వారి జాతే అంత’ అనే మాటను విడిచిపెట్టాలి. ఒక సమూహాన్ని ప్రస్తావించేటప్పుడు, వారు తమను ఏమని పిలుచుకొంటారో తెలుసుకోవాలి. కోయలు తమను ‘కోయితూర్’ అని చెప్పుకొంటారు; ఆ మాటను మనమూ గౌరవంతో పలకాలి.

ఛందస్సులో ఉపజాతి అయినంతమాత్రాన ఆటవెలది కందానికి తీసిపోదు. పద్యాల విషయంలో మనం పాటించే ఈ న్యాయాన్ని మనుషుల విషయంలోనూ పాటించడమే విద్యకు సార్థకత.